జైల్లో గొడవ, చిట్లిన దవడ ఎముక: శిక్ష ఎంత పడుతుంది?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. మా తమ్ముడికి 23 ఏళ్లు. రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ మోటార్లు పోయిన కేసులో రిమాండుకి పంపారు. బెయిలొచ్చి రెండు నెలలు దాటింది గానీ జామీను ఉండేవాళ్లు దొరక్క లోపలే ఉండిపోయాడు. మొన్న జైల్లో నీళ్ల కుళాయి దగ్గర గొడవైంది. అవతలి కుర్రాడు అమ్మని తిట్టి, వీడిని నెట్టాడట. వీడు చేతిలో ఉన్న స్టీలు కంచంతో వాడి మొహం మీద కొట్టాడు. ముందు చిన్న దెబ్బే అన్నారు. తర్వాత కాకినాడ పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే దవడ ఎముక చిట్లింది, ఒక పన్ను ఊడింది అని తేలింది. సెక్షన్ మారుతుందని స్టేషన్‌లో చెప్పారు. హత్యాయత్నం కేసు కూడా పెడతారని ములాఖత్ దగ్గర ఎవరో అన్నారు. అప్పట్నుంచి అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. గాయం పెద్దదైతే శిక్ష కూడా పెరుగుతుందా? రాజీ పడితే కేసు పోతుందా? పాత కేసులో శిక్ష పడితే దాని మీద ఇది కూడా కలుపుతారా?
ఒక అక్క, కోనసీమ జిల్లా

సమాధానం:

చెల్లెమ్మా,

ముందు అమ్మగారికి నాలుగు మెతుకులు తినిపించండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఈ ఒక్క దెబ్బతో మీ తమ్ముడి జీవితం ముగిసిపోయే పరిస్థితి లేదు. అలాగని తేలిగ్గా తీసుకునే కేసూ కాదు. ఈ రెండు మూడు వారాల్లో మీరు తెచ్చుకునే కాగితాలు, లాయరు గారు వేసే పిటిషన్లు తర్వాత చాలా మార్పు తెస్తాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ మొదటి ప్రశ్నకు జవాబు అవుననే. గాయాన్ని బట్టి సెక్షన్ మారుతుంది, సెక్షన్‌ను బట్టి శిక్షకు పై హద్దు మారుతుంది. కానీ ఆ హద్దు లోపల ఎంత వేస్తారన్నది గాయం ఒక్కటే తేల్చదు. చేతిలో ఏముంది, ఎందుకు కొట్టాడు, ఎన్ని దెబ్బలు కొట్టాడు, ముందు ఎవరు కదిలారు, కొట్టాక ఏం చేశాడు, ఇవన్నీ జడ్జి గారు చూస్తారు. ఇంగ్లండులో గాయం ఇంత, తప్పు ఇంత అని చూసుకుని శిక్ష లెక్కగట్టే మార్గదర్శకాలు ఉన్నాయి. మన దేశంలో అలాంటి పట్టిక లేదు. మన మేజిస్ట్రేటుకు విచక్షణ ఎక్కువ. ఆ విచక్షణకు ఆధారం మన వైపు నుంచి వెళ్లే కాగితాలూ సాక్ష్యాలే.

2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు పాత ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. కోర్టు ఆవరణలో ఇప్పటికీ చాలామంది పాత నంబర్లే చెబుతుంటారు కాబట్టి రెండూ చెబుతాను. మామూలు గాయమైతే 115(2), అంటే పాత 323. ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. తీవ్ర గాయమైతే 117(2), పాత 325. ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. ప్రమాదకరమైన ఆయుధంతో మామూలు గాయం చేస్తే 118(1), పాత 324. మూడేళ్ల వరకు. అదే ఆయుధంతో తీవ్ర గాయం చేస్తే 118(2), పాత 326. అక్కడ ఏడాదికి తగ్గకుండా పదేళ్ల వరకు, లేదా యావజ్జీవం. పాత చట్టంలో ఈ ఏడాది కనీస శిక్ష లేదు, కొత్తగా వచ్చింది. దెబ్బ తిన్న మనిషి శాశ్వతంగా వికలాంగుడైతే 117(3) కింద కనీసం పదేళ్లు. దేవుడి దయ వల్ల ఇక్కడ అంత దూరం రాలేదు.

చూశారా, అదే కుళాయి, అదే కంచం, అదే ఒక్క దెబ్బ. చర్మం చిట్లితే ఏడాది లోపు, ఎముక చిట్లితే ఏడేళ్ల వరకు, కంచాన్ని ఆయుధం అంటే పదేళ్లు, యావజ్జీవం దాకా. మధ్యలో తేడా తెచ్చేది డాక్టరు గారు రాసే ఒక్క కాగితం. దాన్ని గాయాల సర్టిఫికెట్ అంటారు, వూండ్ సర్టిఫికెట్ అని కూడా. మీరు ముందు సంపాదించాల్సింది దాని కాపీ.

ఆ సర్టిఫికెట్‌లో గాయం ఎక్కడ, ఎంత పొడవు, ఎంత లోతు, ఎంతసేపటి క్రితంది, దేనితో తగిలి ఉండొచ్చు అని రాసి, చివర 'సింపుల్' (మామూలు) అనో 'గ్రీవియస్' (తీవ్రం) అనో అభిప్రాయం ఇస్తారు. చట్టంలో 116వ సెక్షన్ ఏది తీవ్ర గాయమో ఎనిమిది రకాలుగా చెప్పింది. కన్ను పోవడం, చెవి వినపడకపోవడం, అవయవం పోవడం, మొహం శాశ్వతంగా వికృతం కావడం లాంటివి అందులో ఉన్నాయి. ఏడో రకం ఎముక గానీ పన్ను గానీ విరగడం లేదా స్థానం తప్పడం. అవునమ్మా, ఒక్క పన్ను విరిగినా చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. చాలామందికి ఇది తెలియదు. పన్నే కదా అనుకుంటారు. ఎముక రెండు ముక్కలు కావక్కర్లేదని, చిట్లినా విరిగినట్టేనని సుప్రీంకోర్టు హోరీలాల్ కేసులో చెప్పింది. కాబట్టి 'విరగలేదు, చిట్లింది అంతే' అనే వాదన మీద ఆశ పెట్టుకోకండి.

అయితే ఆ చిట్లడం రుజువు కావాలి. ఎక్స్‌రే ఫిల్ము, రేడియాలజిస్టు రిపోర్టు, దాన్ని చూసి అభిప్రాయం రాసిన డాక్టరు సాక్ష్యం, మూడూ కోర్టుకు రావాలి. ఫిల్ము దాఖలు కాకపోతే, రేడియాలజిస్టును విచారించకపోతే, తీవ్ర గాయం కాస్తా మామూలు గాయంగా తగ్గిన తీర్పులు చాలా ఉన్నాయి. పన్ను విషయంలోనూ అంతే. అది ఆ దెబ్బకే ఊడిందా, అంతకుముందే పుచ్చి కదులుతోందా అన్నది పంటి డాక్టరు గారిని అడగాల్సిన ప్రశ్న. మీ లాయరు గారితో ఇప్పుడే చెప్పి ఉంచండి. అబద్ధం ఆడమని చెప్పడం లేదు. తీవ్ర గాయం అనే మాటకు ఏడేళ్ల బరువు ఉంది. అది గట్టి ఆధారం మీద నిలబడాలి.

ఎనిమిదో రకం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే జైలు కేసుల్లో దాని మీదే గొడవ ఎక్కువ. ప్రాణాపాయం తెచ్చే గాయమైనా, 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పి పెట్టినా, ఆ 15 రోజులూ మనిషి తన మామూలు పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. పాత చట్టంలో ఇది 20 రోజులు, ఇప్పుడు 15కి తగ్గించారు. ఆసుపత్రిలో పదిహేను రోజులు పడుకున్నాడు కాబట్టి తీవ్ర గాయమే అని అనడానికి వీల్లేదు. నొప్పి అంత ఉందా, పనులు నిజంగా ఆగిపోయాయా అన్నది తేలాలి. బయట ఉన్నవాడైతే కూలికి వెళ్లలేదు, చెరువుకు మేత వేయలేదు అని చెప్పుకుంటాడు. జైల్లో ఉన్నవాడికి మామూలు పనులంటే ఏమిటి? తినడం, స్నానం, బ్యారక్‌లో నడవడం, శిక్ష పడ్డవాడైతే అప్పగించిన పని. ఇవన్నీ జైలు ఆసుపత్రి కేస్ షీటులో ఏ రోజుకారోజు కనిపిస్తాయి. ఫలానా రోజున ద్రవాహారం, ఫలానా రోజున మామూలు అన్నం, ఫలానా రోజున తిరిగి బ్యారక్‌కి. ఎక్స్‌రే మీద పేచీ వస్తే ప్రాసిక్యూషన్ ఈ ఎనిమిదో రకం మీదికి రావచ్చు. అప్పుడు ఆ కేస్ షీటే సాక్ష్యం.

ఇక కంచం సంగతి. 118వ సెక్షన్ రావాలంటే పొడవడానికో కోయడానికో కాల్చడానికో వాడే వస్తువు కావాలి, లేదా ఆయుధంగా వాడితే చావు తెచ్చే అవకాశం ఉన్న వస్తువు కావాలి. జైల్లో కత్తులుండవు గానీ అరగదీసిన చెంచా, ట్యూబ్‌లైటు ముక్క, ఇటుక, బ్లేడు, ఇవన్నీ కేసుల్లో కనిపించేవే. 2008లో అనంతపురం జిల్లా జైల్లో ఒక ఖైదీని తోటి ఖైదీ వ్యాయామం చేసుకునే డంబెల్‌తో కొట్టి చంపాడు. కాబట్టి జైల్లో ఏది ఆయుధం అన్న ప్రశ్నను కోర్టులు తేలిగ్గా తీసుకోవు. అయినా అన్నం తినే పల్చటి స్టీలు కంచాన్ని అడ్డంగా తిప్పి కొట్టడానికీ, అంచు పదును చేసి కోయడానికీ చాలా తేడా ఉంది. 2005లో మత్తాయి కేసులో సుప్రీంకోర్టు ముందుకు రాయితో కొట్టిన వ్యవహారం వచ్చింది. ఆ రాయి పరిమాణం చూస్తే దాన్ని ప్రమాదకరమైన ఆయుధం అనలేమని చెప్పి, 326ను 325కి మార్చింది. ఏ వస్తువు ప్రమాదకరం అనేది దాని బరువు, పరిమాణం, పదును, వాడిన తీరును బట్టి ఉంటుంది తప్ప పేరును బట్టి కాదు. మీ కేసులో కంచాన్ని స్వాధీనం చేసుకున్నారా, పంచనామా రాశారా, కొలతలు ఉన్నాయా, అంచు వంగి ఉందా? ఎఫ్‌ఐఆర్‌తో పాటు ఈ పంచనామా కాపీ కూడా అడిగించండి. 117(2)కీ 118(2)కీ మధ్య నిలబడేది ఆ కంచమే. 117(2) బెయిలు ఇవ్వాల్సిన సెక్షన్, 118 అలా కాదు. 117(2)లో కనీస శిక్ష లేదు, 118(2)లో ఏడాది తప్పదు.

ఇంకో మాట. దవడ చిట్లినంత మాత్రాన 117(2) దానంతటదే రుజువు కాదు. తీవ్ర గాయం చేయాలన్న ఉద్దేశం గానీ, తన దెబ్బకు తీవ్ర గాయం అయ్యే అవకాశం ఉందన్న ఎరుక గానీ కొట్టినవాడికి ఉండాలని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది. ఒక చెంపదెబ్బకు మనిషి జారి గట్టు మీద పడి చెయ్యి విరిగితే, కొట్టినవాడు తీవ్ర గాయమే కోరుకున్నాడని చెప్పలేం. మొహం మీద లోహపు వస్తువుతో బలంగా కొడితే మాత్రం ఆ ఎరుక ఉందని కోర్టు అనుకునే అవకాశం ఎక్కువ. అందుకే దీన్ని మీ ప్రధాన వాదనగా చూడకండి. ఒక్క దెబ్బేనా, పడిపోయాక కూడా కొట్టాడా, వార్డరు రాగానే ఆగాడా అన్నవి ఇక్కడ తేడా తెస్తాయి.

హత్యాయత్నం భయం గురించి. అది 109వ సెక్షన్, పాత 307. గాయం చిన్నదైనా చంపాలన్న ఉద్దేశం ఉంటే ఆ సెక్షన్ వస్తుందని, గాయం ప్రాణాంతకం కానక్కర్లేదని సుప్రీంకోర్టు 1983లో బలరామ్ బామా పాటిల్ కేసులో చెప్పింది. అంటే ఇక్కడ గాయం కంటే ఉద్దేశం పెద్దది. నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి చేతిలో ఉన్న కంచంతో ఒకసారి కొట్టిన మనిషికి చంపే ఉద్దేశం అంటగట్టడం కష్టం. పాత పగ ఉందని గానీ, చంపుతానని ముందే బెదిరించాడని గానీ ఎవరైనా వాంగ్మూలం ఇస్తే మాత్రం జాగ్రత్త పడాలి. తమ్ముడిని అడిగి అలాంటిదేమైనా ఉందేమో లాయరు గారికి చెప్పండి. దాచకండి.

జైల్లో చేసిన నేరం కాబట్టి శిక్ష రెట్టింపు అవుతుందని కొందరు భయపెడతారు. మామూలు కొట్లాట సెక్షన్లలో అలాంటి నియమం లేదు. యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న ఖైదీకి మాత్రం చట్టం వేరుగా, కఠినంగా ఉంది. అతను హత్యాయత్నంలో గాయపరిస్తే మరణశిక్ష లేదా బతికున్నంత కాలం జైలు అని 109(2) చెబుతుంది. అలాంటివాడు హత్య చేస్తే ఉరి తప్ప మరో శిక్ష లేదన్న పాత 303ను సుప్రీంకోర్టు 1983లో మిఠూ కేసులో కొట్టేసింది. ఇప్పుడు 104 కింద మరణశిక్ష లేదా బతికున్నంత కాలం జైలు, రెండింట్లో ఏదైనా వేయొచ్చు. మీ తమ్ముడు రిమాండ్ ఖైదీ కాబట్టి ఇవేవీ అతనికి వర్తించవు. చట్టంలో లేకపోయినా జైల్లో కొట్టాడన్న సంగతి జడ్జి గారి మనసులో మాత్రం ఉంటుంది. కస్టడీలో ఉండి కూడా కట్టుబాటు లేదనుకుంటారు. దానికి జవాబుగా రేపటి నుంచి జైల్లో అతని నడవడిక మీద ఒక్క మచ్చ కూడా పడకూడదు.

అక్కడే ఇంకో లెక్క కూడా ఉంది. 1894 నాటి ప్రిజన్స్ యాక్టులో 45వ సెక్షన్ ప్రకారం తోటివాడిని కొట్టడం జైలు నేరం. సూపరింటెండెంటు విచారించి సౌకర్యాలు తగ్గించవచ్చు, విడిగా ఉంచవచ్చు. శిక్ష పడ్డ ఖైదీ అయితే రెమిషన్, అంటే మంచి నడవడికకు శిక్షలో ఇచ్చే తగ్గింపు, పోవచ్చు. ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించరాదని అదే చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. లాయరు గారు ఆ వాదన తీసుకోవచ్చు గానీ, జైలు వాళ్లు చర్య తీసుకున్నారు కాబట్టి కోర్టు కేసు పోయిందని మాత్రం మీరు అనుకోకండి. ఒంటరి గదిలో పెట్టడం లాంటి శిక్షలకు సెషన్స్ జడ్జి పరిశీలన ఉండాలని సునీల్ బత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తమ్ముడిని విడిగా పెట్టారని తెలిస్తే ఈ తీర్పు పేరు మీ లాయరు గారికి గుర్తు చేయండి.

ఇప్పుడు అవతలివాడు ముందు నెట్టాడన్న సంగతి. దీన్ని మీరు రెండు ముక్కల్లో రాశారు, కానీ శిక్ష తగ్గించే దారి ఇందులోనే ఉంది. ఉన్నట్టుండి తీవ్రంగా రెచ్చగొడితే కొట్టాడని తేలితే 122(2) వస్తుంది. తీవ్ర గాయమైనా సరే ఐదేళ్ల వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. 'లేదా' అన్న మాట చూడండి. జైలు లేకుండా జరిమానాతో వదలడానికి కూడా కోర్టుకు వీలుంది. అమ్మని తిట్టడం ఒక్కటే సరిపోతుందా అన్నది కోర్టు తేల్చాల్సిన విషయం. తిట్టి, నెట్టి, కింద పడేసి ఉంటే బలం పెరుగుతుంది. ఆత్మరక్షణ వాదన కూడా ఉంది గానీ, దానికి హద్దులున్నాయి. అవసరానికి మించి కొట్టకూడదు, అధికారుల సాయం అందే సమయం ఉంటే ఆ హక్కు ఉండదు. వార్డరు పదడుగుల దూరంలో ఉన్నాడా, లేక ఆ సమయానికి అక్కడ ఎవరూ లేరా అన్నది ఇక్కడ ముఖ్యం.

వీటన్నిటికీ ఆధారం మీ తమ్ముడి ఒంటి మీద దెబ్బలు. అతనికి కూడా మోకాలో మోచెయ్యో గీరుకుని ఉంటే అది రికార్డులోకి ఎక్కాలి. నిందితుడి ఒంటి మీద గాయాలు ఎలా వచ్చాయో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోతే వాళ్ల కథ మీద అనుమానం వస్తుందని 1976లో లక్ష్మీసింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. రిమాండు పొడిగింపుకు వీడియోలో మేజిస్ట్రేటు ముందు కూర్చోబెట్టినప్పుడు 'అయ్యా, నాకూ దెబ్బలు తగిలాయి, డాక్టరుకు చూపించండి' అని అతనే నోరు తెరిచి చెప్పాలి. చాలామంది కుర్రాళ్లు ఆ రెండు నిమిషాలూ భయంతో తల ఊపి లేచొస్తారు. ములాఖత్‌లో ఈ మాట నాలుగుసార్లు చెప్పండి. కుళాయి వైపు సీసీ కెమెరా ఉంటే ఆ ఫుటేజీని భద్రపరచమని కోర్టులో వెంటనే పిటిషన్ వేయించండి. పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కేస్తుంది, ఆలస్యమైతే ఆ ముక్క దొరకదు.

శిక్ష నిజంగా ఎంత పడొచ్చు? నేను అంకె చెప్పను, చెప్పేవాళ్లను నమ్మకండి. ఒక్క విషయం మాత్రం తెలుసుకోండి. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు మూడేళ్లకు మించి జైలు శిక్ష వేయలేరు. అంతకంటే ఎక్కువ వేయాలనిపిస్తే చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపాలి. కాబట్టి 117(2)లో ఏడేళ్లు అని చూసి ఏడేళ్లే అనుకోవద్దు. యావజ్జీవం పడే వీలు లేని నేరం కాబట్టి 117(2)లో ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్టు, 1958 కింద మంచి నడవడిక హామీ మీద వదిలేయమని అడిగే హక్కు ఉంది. 118(2) అయితే ఆ తలుపు మూసుకుంటుంది. నేరం రుజువైందని చెప్పాక శిక్ష గురించి నిందితుణ్ణి వినాలి. ఆ రోజు ఇంతకుముందు శిక్ష పడలేదని, అమ్మ ఆరోగ్యం, చదువు, పని కాగితాలు, జైలు నడవడిక సర్టిఫికెట్ అన్నీ లాయరు గారి చేతిలో ఉండాలి.

పాత కేసు శిక్ష మీద ఇది కలుస్తుందా అన్నారు. కలిసే ప్రమాదం ఉంది. ఒక శిక్ష అనుభవిస్తుండగా ఇంకో కేసులో శిక్ష పడితే, మొదటిది అయ్యాకే రెండోది మొదలవుతుందన్నది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 467వ సెక్షన్ చెప్పే సాధారణ నియమం. రెండూ కలిసి నడవాలంటే కోర్టు ప్రత్యేకంగా ఆదేశించాలి. వేర్వేరు సంఘటనలైతే వేర్వేరుగా నడవడమే మామూలని 2021లో మహ్మద్ జాహిద్ కేసులో సుప్రీంకోర్టు అంది. మోటార్ల దొంగతనానికీ కంచం దెబ్బకూ సంబంధం లేదు కాబట్టి, కలిపి నడపమని తీర్పు రోజునే గట్టిగా అడగాలి. తర్వాత అడిగితే కష్టం.

రిమాండు రోజుల లెక్క కూడా ఉంది. అదే సంహిత 468 ప్రకారం ఏ కేసులో జైల్లో ఉన్న రోజులు ఆ కేసు శిక్షలోంచి తీసేస్తారు. కొత్త కేసులో పీటీ వారెంటు (ఒక కేసులో జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కేసులో కోర్టు ముందుకు తెప్పించే ఉత్తర్వు) మీద అతన్ని చూపించిన రోజు నుంచే ఆ కేసు లెక్క మొదలవుతుంది. ఎలాగూ లోపలే ఉన్నాడు కదా అని ఎవరూ పట్టించుకోకపోతే ఈ నెలలన్నీ ఒక కేసు ఖాతాలోనే పోతాయి. పైగా మొదటి కేసులో బయటికొస్తుండగా గేటు దగ్గరే రెండో కేసులో పట్టుకోవచ్చు. పీటీ వారెంటు ఎప్పుడు వేయించుకోవాలి, బెయిలు పిటిషన్ ఎప్పుడు వేయాలి అన్నది మీ లాయరు గారితో కూర్చుని మాట్లాడండి.

రాజీ కుదురుతుంది, కానీ సెక్షన్‌ను బట్టి. 115(2) అయితే దెబ్బ తిన్నవాడు ఒప్పుకుంటే చాలు. 117(2) అయితే అతను ఒప్పుకోవాలి, కోర్టు కూడా అనుమతి ఇవ్వాలి. 118 రాజీకి రాదు. కంచం ఆయుధమా కాదా అన్నది ఇక్కడ కూడా అడ్డం తగులుతోంది చూడండి. రాజీకి రాని సెక్షన్లలో హైకోర్టుకు వెళ్లి కేసు కొట్టేయించుకునే మార్గం ఉంది. కానీ 2014లో నరీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు అక్కడా గాయం ఎక్కడ తగిలింది, ఎంత లోతు, ఏ ఆయుధం అనేవే చూస్తారు.

రాజీ అంటే వాళ్లింటికి పెద్దమనుషుల్ని పంపి ఒత్తిడి చేయడం కాదు. ఆ కుర్రాడికి దవడ కట్టు కట్టి ఉంటే ఇప్పుడు నములలేడు, పన్ను మళ్లీ రాదు. అతని వైద్యానికి, పన్ను పెట్టించడానికి మీకు చేతనైనంత ఇవ్వండి, లాయర్ల ద్వారా, రాతపూర్వకంగా. దెబ్బ తిన్నవాళ్లకు పరిహారం ఇప్పించే అధికారం నాగరిక్ సురక్షా సంహిత 395 కింద కోర్టుకూ ఉంది. ఖైదీ ప్రాణాన్ని కాపాడే బాధ్యత ప్రభుత్వానిదే. కోయిలకుంట్ల సబ్‌జైలు మీద 1977లో జరిగిన బాంబు దాడికి ప్రభుత్వం పరిహారం కట్టాల్సిందేనని 2000లో చల్లా రామకృష్ణారెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కుర్రాడి తల్లిదండ్రులకు ఈ సంగతి తెలిస్తే వాళ్లకూ మేలే. చెప్పడానికి వెనకాడకండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది మాత్రం మొదటి కేసు జామీను. రెండు నెలల క్రితం బెయిలొచ్చిన కుర్రాడు ఇప్పటిదాకా లోపల ఉండటం నన్ను బాగా బాధపెట్టింది. బయటికి వచ్చి ఉంటే ఆ కుళాయి దగ్గర ఉండేవాడే కాదు. బెయిలొచ్చిన నెల లోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. ఆ ఉత్తర్వు చూపించి ఇద్దరు జామీనుదారుల బదులు ఒకరు చాలని, లేదా సొంత పూచీకత్తు మీద వదలమని పిటిషన్ వేయించండి. జామీను ఉండేవాళ్లు దొరికితే ఆధార్‌తో పాటు ఇంటి పన్ను రసీదో పట్టాదారు పాస్‌బుక్కో తెచ్చుకోమనండి. లాయరుకు ఇవ్వడానికి డబ్బు లేకపోతే ఉచిత న్యాయసాయం నంబరు 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఉచిత న్యాయసాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు, ఆదాయంతో సంబంధం లేదు. అమలాపురం కోర్టు ఆవరణలో ఉన్న న్యాయసేవా కమిటీ దగ్గరికి మీరే వెళ్లి దరఖాస్తు రాసివ్వొచ్చు.

చివరగా, తమ్ముడికి ఒకటి గట్టిగా చెప్పండి. తప్పయిపోయింది, క్షమించండి అని సూపరింటెండెంటు గారికో ఎవరికో కాగితం మీద రాసివ్వొద్దు. కొందరు మంచి మాటగానే అలా రాయిస్తారు. ఆ కాగితం రేపు కోర్టులో నేరం ఒప్పుకున్నట్టుగా చదువుతారు. అతనికి నిజంగా బాధగా ఉంటే, ఆ మాట రాజీ రోజున మేజిస్ట్రేటు ముందు ఆ కుర్రాడితోనే చెప్పుకోవచ్చు.